సున్నాలకు ముందు బీరువా తెరవండి



క్రిస్మస్ దగ్గర పడుతోంది. గుళ్లకు సున్నాలు వేసే రోజులు. బల్లలు బయటికొస్తాయి, బూజు దులుపుతారు, వేదిక వెనక గదిలో ఏడాదంతా పేరుకున్న చెత్త ఒక్క పూటలో ఖాళీ అవుతుంది. పోకూడనిది కూడా ఆ చెత్తలోనే పోతుంది. రెండేళ్ల కింద పాత బాప్తిస్మపు రిజిస్టరు చూద్దామని ఒక పల్లెకు వెళ్లాను. అక్కడి పెద్దాయన మంచినీళ్లిచ్చి, కూర్చోబెట్టి చెప్పాడు: "అవి ఎక్కడున్నయ్యా! పోయిన పండక్కి రంగులేయించినప్పుడు తూకానికేశాం. చెదలు పట్టినయ్. పదకొండు కిలోలు తూగినయ్." ఆ డబ్బుతో గుడికి రంగు కాగితాలు కొన్నారట. ఆయన్ని తప్పుపట్టలేను. ఆ పుస్తకాల్లో ఏముందో ఆయనకు ఎవరూ చెప్పలేదు. అందుకే సంఘ పెద్దలకు, పాస్టరు అయ్యగార్లకు, విచారణ గురువులకు, స్త్రీల సమాజం తల్లులకు ఈ విన్నపం.

మా నాయనమ్మను వయసెంత అని అడిగితే "ఉప్పెన నాటికి అరవై" అనేది. ఉప్పెన అంటే 1977 నవంబరులో దివిసీమను ముంచింది. తన తల్లి పేరేమిటని అడిగితే మాత్రం "అమ్మే" అని ఊరుకునేది. ఆ తల్లి రెండో కాన్పులో పోయింది, పేరు పెట్టి పిలిచినవాళ్లూ పోయారు. ఆ పేరు నాకు గుంటూరు జిల్లాలో ఒక లూథరన్ గుడి ట్రంకు పెట్టెలో దొరికింది. మోచేతి పొడవు పుస్తకం, తోలు అట్ట ఊడిపోతే ఎవరో పురికొసతో కట్టారు. పేజీకి అడ్డంగా గళ్లు: బిడ్డ పేరు, పుట్టిన తేదీ, బాప్తిస్మపు తేదీ, తండ్రి, తల్లి, ఊరు, తండ్రి చేసే పని, పాదిరి సంతకం. నల్ల సిరా కాస్తా పొగాకు రంగుకు దిగింది. వేలు పెట్టి ఒక్కో వరసా దిగుతూ పోతే, 1911 జులైలో మా నాయనమ్మ. ఆ పక్క గడిలో తండ్రి, దాని పక్క గడిలో తల్లి. తండ్రి పని దగ్గర 'కూలీ' అని ఉంది. ఆ తల్లి పేరు ఇక్కడ రాయను, అది మా ఇంటిది. లెక్క వేస్తే ఉప్పెన నాటికి నాయనమ్మకు అరవై ఆరు. "ఆరేళ్లు మింగేసింది చూడు ముసల్ది" అని మా మేనత్త నవ్వి, తర్వాత ఏడ్చింది.

భూమి ఉన్నవాళ్లకు పట్టాలున్నాయి, ఇనాం కాగితాలున్నాయి, దస్తావేజులున్నాయి. కాశీకి పోయొచ్చిన కుటుంబాల పేర్లు పండాల పుస్తకాల్లో ఉంటాయి. మాదిగవాడల్లో డక్కలివాళ్లు పటం పరిచి గోత్రాలు చెప్పేవారు గానీ, గుళ్లు వచ్చాక చాలాచోట్ల ఆ రాకపోకలు పలచబడ్డాయి. పాలేరు ముత్తాత పేరు ఇంకెక్కడ దొరుకుతుంది? కామందు లెక్కల పుస్తకంలో అప్పు కింద దొరుకుతుందేమో. అదే మనిషిని, అతని పెళ్లాన్ని, బిడ్డను ఒకే వరసలో, తల్లి పేరు సహా రాసిన కాగితం మనవాళ్లకు పాదిరి పుస్తకం ఒక్కటే.

మీ పుస్తకాలు ఎక్కడుండొచ్చో తెలియాలంటే మీ ఊరు ఏ మిషను చేతిలో ఉండేదో తెలియాలి. మిషన్లు ఊళ్లను పంచుకున్నాయి. గుంటూరుకు 1842లో లూథరన్ మిషనరీ హేయర్ అయ్యగారు వచ్చినప్పటి నుంచి ఆ చుట్టుపక్కల ఎక్కువ లూథరన్లు. నెల్లూరు, ఒంగోలు, నల్లగొండ అమెరికన్ బాప్టిస్టులవి. కాకినాడ నుంచి శ్రీకాకుళం దాకా కెనడా బాప్టిస్టులు. బందరు, ఏలూరు చర్చ్ మిషనరీ సొసైటీ. కడప, జమ్మలమడుగు లండన్ మిషను. మెదక్, కరీంనగర్ వెస్లియన్ మెథడిస్టులు. 1947లో సి.ఎస్.ఐ. ఏర్పడ్డప్పుడు చర్చ్ మిషనరీ సొసైటీ, లండన్ మిషను, వెస్లియన్ సంఘాలు అందులో కలిశాయి కాబట్టి వాళ్ల పుస్తకాలు ఇప్పుడు సి.ఎస్.ఐ. పాస్టరేట్లలో వెతకాలి. లూథరన్లు, బాప్టిస్టులు విడిగానే ఉండిపోయారు. "అవన్నీ లండన్‌లో ఉంటాయిలే" అని చాలామంది ధైర్యం. లండన్‌లో, బర్మింగ్‌హామ్‌లో, అట్లాంటాలో ఉన్నవి ఎక్కువగా దొరలు రాసిన ఉత్తరాలు, పంపిన రిపోర్టులు. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వెళ్లిన నకళ్లు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి గానీ వాటిలో ఎక్కువ పేర్లు తెల్లవాళ్లవి, ఆంగ్లో ఇండియన్లవి. మన పేర్లున్న పుస్తకం మన ఊరి గుళ్లోనే ఉంటుంది. అదొక్కటే ప్రతి.

చదివేటప్పుడు తొందర పడొద్దు. లూథరన్, ఆంగ్లికన్ పుస్తకాల్లో పసిబిడ్డల బాప్తిస్మాలుంటాయి, పుట్టిన తేదీ దాదాపు ఖాయంగా తెలుస్తుంది. బాప్టిస్టులు ఎదిగినవాళ్లకే ఇస్తారు. ధాత కరువు వెళ్లాక, 1878 జులై 3న, ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మీ తాత తాత ఆ గుంపులో ఉంటే ఆ తేదీ ఆయన పుట్టినరోజు కాదు, ఏటిలో దిగిన రోజు. వయసు దగ్గర 30, 40 అని సున్నాతో ముగిసే అంకెలుంటే అవి కళ్లతో చూసి వేసిన అంచనాలు. బాప్టిస్టు సంఘాల్లో అసలు సరుకంతా సభ్యుల జాబితాలో ఉంటుంది. నేను చూసిన ఒకదాంట్లో, పోలేరమ్మ కొలుపుకు వెళ్లాడని ఒకాయన పేరు అడ్డంగా కొట్టేసి, ఏడాది తర్వాత మళ్లీ కింద రాశారు. ఆ గీత చూస్తే మనిషి కళ్లముందు నిలబడ్డాడు.

కథోలిక విచారణల (పారిష్‌ల) పుస్తకాలు లాటిన్‌లో ఉంటాయని భయపడతారు. నాలుగు మాటలు నేర్చుకుంటే చాలు, మిగతావన్నీ పేర్లే. జ్ఞానస్నానపు వరస పక్కన ఖాళీ అంచును తప్పకుండా చూడండి. 1908 నుంచి, మనిషి ఎక్కడ పెళ్లి చేసుకున్నా ఆ కబురు అతని జ్ఞానస్నానం జరిగిన విచారణకు పంపి, ఆ అంచులో రాయించాలన్నది వాళ్ల నియమం. ఊరు విడిచిన ఆడపిల్ల ఏ ఊరి కోడలైందో అక్కడ తేలుతుంది. పెళ్లి రిజిస్టర్ల సంగతి వేరు. 1872 క్రైస్తవ వివాహ చట్టం నమూనాలో తండ్రి పేరుకే గడి ఉంది, తల్లికి లేదు. కాబట్టి తల్లుల కోసం పెళ్లి పుస్తకం కాదు, బాప్తిస్మపు పుస్తకం పట్టుకోండి.

పేర్ల దగ్గర చెవిని నమ్మండి, కంటిని కాదు. దొర తన చెవికి పట్టినట్టు రాసుకున్నాడు. ఏలూరు 'ఎల్లోర్', కాకినాడ 'కొకనాడ', ఇక ఇంటిపేర్ల సంగతి చెప్పక్కర్లేదు. మా ఇంటిపేరే ఒకే పుస్తకంలో నాలుగు రకాలుగా ఉంది. పైకి గట్టిగా చదివితే తెలుగు దానంతటదే బయటపడుతుంది.

ఈ పుస్తకాల కోసం మనమే కాదు, సముద్రం అవతల కూడా ఎదురు చూస్తున్నారు. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కి దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటలకు పోయిన తెలుగువాళ్లున్నారు. వాళ్లకు సంఘం కట్టడానికి 1903లో మన తెలుగు బాప్టిస్టులే జాన్ రంగయ్యగారిని మిషనరీగా పంపారు. ఓడ జాబితాల్లో తండ్రి పేరు, జిల్లా, ఊరు ఉన్నాయి, ఆ కొస ఈనాటి డర్బన్ మనవల చేతిలో ఉంది. ఆ ఊరి గుడి పుస్తకం మిగిలి ఉంటే రెండో కొస మన చేతిలో ఉన్నట్టే.

ఇంతా చెప్పాక కొందరి ముఖాలు ముడుచుకుంటాయని తెలుసు. కారణం అందరికీ తెలిసిందే, పైకి ఎవరూ అనరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ హోదా లేదు. మిగిలేది బీసీ-సి కింద ఒక్క శాతం రిజర్వేషన్. అందుకే గుళ్లో ఒక పేరు, బళ్లో ఒక పేరు. ఎవరో వచ్చి రిజిస్టరు ఫొటో తీస్తే రేపు ఆ ఫొటో ఏ ఆఫీసులో తేలుతుందోనన్న బెంగ ఉత్తదేం కాదు. ఆ బెంగ పెట్టింది ఆ ఉత్తర్వు, తప్పు దానిదేనని నేనంటాను. కాదనేవాళ్లతో ఇక్కడ వాదన పెట్టుకోను.

అందుకని నేనడిగేది కొంచెమే. 1925కు ముందు పుస్తకాలు మాత్రమే తెరుద్దాం. తర్వాతివి తాళం వేసి ఉంచండి, వాటినీ తూకానికి మాత్రం వేయొద్దు. ఫొటోలు సంఘంలో ఫోను బాగా వాడే పిల్లలతోనే తీయించండి. పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా, అట్టతో మొదలుపెట్టి వరసగా, అంచులు కూడా పడేలా తీయాలి. వాట్సాప్ గ్రూపులో ఒక్క పేజీ కూడా పెట్టొద్దు. ఒక ప్రతి గుడి దగ్గర, ఇంకో ప్రతి సంఘం నమ్మే ఒక ఇంట్లో ఉంటే చాలు. ఎవరైనా వచ్చి అడిగితే వాళ్ల వంశం వరకే చూపండి. ఆ పేజీల్లో అక్రమ సంతానమని రాసినవీ, సంఘం నుంచి గెంటేసినట్టు రాసినవీ ఉంటాయి, అవి ఊరంతా చదవాల్సినవి కావు. చిరిగినచోట సెల్లోటేపు అంటించొద్దు, వెలిసిన అక్షరాల మీద కొత్త పెన్నుతో దిద్దొద్దు. ఇవి రెండూ ప్రేమతో చేసేవే. చెదలకన్నా ఎక్కువ పుస్తకాలను ఈ ప్రేమే చంపింది.

ఇంట్లో ముసలివాళ్లున్నవాళ్లు వాళ్లను గుడిదాకా రిక్షాలోనైనా తీసుకురండి. పుస్తకంలో ఉన్న పేరు ఎవరిదో చెప్పగలిగేది వాళ్లే.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక, భోజనాల తొందర పడకముందు, వెనక గదిలో బీరువా తాళం ఎవరి దగ్గరుందో ఒక్కసారి అడగండి. సున్నం బకెట్లు ఇంకో పది రోజుల్లో వచ్చేస్తాయి.