గోవాడలో అడిగిన లెక్క గ్రామసభలో అడగరేం?

చోడవరం: గోవాడ సహకార చక్కెర కర్మాగారం మహాజన సభలు ఎలా సాగుతూ వచ్చాయో ఈ ప్రాంత రైతులకు వేరే చెప్పనక్కరలేదు. చెరకు తోలిన సభ్య రైతు ఆ సభకు వెళ్లి ఊరికే కూర్చుని వచ్చింది లేదు. టన్నుకు ధర ఎంత కట్టారు, రికవరీ ఎంత వచ్చింది, మొలాసిస్ ఎంతకు అమ్మారు, అప్పు ఎందుకు పెరిగింది, బకాయి ఎప్పుడిస్తారు అని నిలదీసే అలవాటు ఇక్కడి రైతుకుంది. బడి మొహం చూడనివారు కూడా కాటా చీటీ పట్టుకుని మాట్లాడగలరు. వేదిక మీద ఏ పార్టీవారున్నా సమాధానం చెప్పుకోవలసిందే.

అదే రైతు తన ఊరి గ్రామసభకు రాడు. వచ్చినా వెనక వరుసలో నిలబడి, రిజిస్టరులో సంతకం పెట్టి వెళ్లిపోతాడు. అడిగితే, “మన మాట ఎవడు వింటాడు బావా” అంటాడు. కర్మాగారంలో ఉన్నది వాటా సొమ్ము, పంచాయతీలో ఉన్నది ఇంటిపన్ను సొమ్ము. రెండూ చెమటోడ్చి సంపాదించినవే. ఒకదానికి లెక్క అడిగి రెండోదాన్ని గాలికి వదిలేయడం మనకు మనం చేసుకుంటున్న అన్యాయం.

చట్టం ఇచ్చిన హక్కు

పంచాయతీలకు రాజ్యాంగంలో చోటు కల్పించిన 73వ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చింది. దాన్ని అనుసరించి మన రాష్ట్రంలో 1994లో పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. అందులో 6వ సెక్షను గ్రామసభకు సంబంధించినది. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. మహాజన సభలో కూర్చోవాలంటే వాటా ఉండాలి. గ్రామసభకు ఓటు ఉంటే చాలు. భూమి లేని కూలీ అయినా, అద్దె ఇంట్లో ఉంటున్న ఇల్లాలైనా, ఓటుంటే సర్పంచి ఎదుట నిలబడి ప్రశ్నించే అధికారం ఉన్నట్లే.

ఏడాదికి కనీసం రెండుసార్లు సభ జరపడం తప్పనిసరి. జమాఖర్చుల పట్టిక, ఆడిట్ నివేదిక, గడచిన ఏడాది పాలనా నివేదిక, రాబోయే ఏడాది చేపట్టే పనులు, కొత్త పన్నులు వేయాలన్నా ఉన్నవి పెంచాలన్నా ఆ ప్రతిపాదనలు సభ ముందుంచాలి. ఇవి దయతో చెప్పే సంగతులు కావు, చెప్పి తీరవలసిన లెక్కలు.

మరో ముఖ్య విషయం. పాలకవర్గం గడువు తీరుతుంది, గ్రామసభకు గడువు లేదు. 2013లో ఎన్నికైన సర్పంచుల పదవీకాలం 2018 ఆగస్టులో ముగిసింది. మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 ఫిబ్రవరిలో. మధ్యలో రెండున్నరేళ్లు ప్రత్యేకాధికారుల పాలన నడిచింది. ఎన్నికైనవారు లేనందున కేంద్ర ఆర్థిక సంఘం నిధులకూ ఆటంకం కలిగింది. అటువంటి రోజుల్లో అధికారిని ప్రశ్నించడానికి ప్రజలకు మిగిలిన వేదిక గ్రామసభ ఒక్కటే. ఆ వేదికను మనం ఎంతవరకు వాడుకున్నామో ఎవరికి వారు ఆలోచించుకోవాలి.

ఆఫీసులు ఎన్నో మారాయి

మన రాష్ట్రంలో పంచాయతీరాజ్ 1959లో మొదలైంది. 1987లో సమితులు పోయి మండల ప్రజాపరిషత్తులు వచ్చాయి. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం జిల్లాను విడదీయడంతో చోడవరం అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. కలెక్టరు గారికి అర్జీ ఇవ్వాలంటే విశాఖ దాకా బస్సెక్కే పని తప్పింది. సంతోషమే. అయితే జిల్లా కేంద్రం ఎంత దగ్గరకు వచ్చినా వీధి కాలువ పూడిక అక్కడ తీయరు. మంచినీటి కుళాయి లీకేజీ అక్కడ కట్టరు. ఆ పని పంచాయతీదే. ఇంటి ముందరి సమస్యను కలెక్టరేటు దాకా మోసుకుపోయేవారు, ఊళ్లోనే జరిగే సభలో దాన్ని లేవనెత్తకపోవడం విచిత్రం.

చోడవరం వంటి చోట ఇది మరీ అవసరం. పేరుకు పంచాయతీ అయినా తీరు పట్నానిది. చుట్టుపక్కల పల్లెల నుంచి కోర్టుకు, బ్యాంకులకు, బజారుకు, స్వయంభూ విఘ్నేశ్వరుని దర్శనానికి రోజూ జనం వస్తారు. వారందరూ వదిలిన చెత్త ఎత్తవలసింది పంచాయతీ కార్మికులే. ఊరి జనాభాకు తగ్గట్టు మనుషులుంటే సరిపోదు, వచ్చిపోయేవారిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఈ మాట అధికారులకు గట్టిగా చెప్పవలసింది సభలోనే.

డబ్బు ఎక్కడిది, ఎక్కడికి?

పంచాయతీకి సొంత ఆదాయంలో ముఖ్యమైనది ఇంటిపన్ను. ఆ పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కూడా వసూలవుతుంది. అది జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. చేరిందా అని అడిగినవారు ఎందరు? కేంద్రం నుంచి వచ్చే నిధుల్లో 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి ఒక నియమం పెట్టింది. వచ్చిన దానిలో 60 శాతం మంచినీటికి, పారిశుధ్యానికే వాడాలి. మిగిలిన 40 శాతం ఊరి ఇతర అవసరాలకు వాడుకోవచ్చు, జీతాలకు మాత్రం వాడరాదు. అంటే ఇంటిపన్ను కట్టకపోతే మొదట దెబ్బ తగిలేది తెల్లవారుజామున మన వీధి ఊడ్చే కార్మికుని కూలి డబ్బులకే.

సర్పంచులను ఆడిపోసుకోవడం సులువు. వారి చేతిలో ఉన్నదెంతో కూడా చూడాలి. ఆర్థిక సంఘం సొమ్మును విద్యుత్ బకాయిల కింద మళ్లించారంటూ 2021లో రాష్ట్రమంతటా సర్పంచులు ఆందోళనకు దిగిన సంగతి తెలిసిందే. స్వాతంత్ర్య దినోత్సవం జరపడానికి ఏళ్ల తరబడి చిన్న పంచాయతీకి 100 రూపాయలు, పెద్ద పంచాయతీకి 250 రూపాయలే ఇచ్చేవారు. జెండా పండుగనాడు పిల్లలకు పంచే మిఠాయికి కూడా అవి చాలేవి కావు. 2024 ఆగస్టులో గాని ఆ మొత్తాలను 10 వేలకు, 25 వేలకు పెంచలేదు. లెక్కలు నలుగురి ముందు చదివితే సర్పంచికే మేలు. సొమ్ము రాలేదో, వచ్చి ఖర్చయిందో ఊరందరికీ తెలుస్తుంది. దాచిన లెక్క మీదే అనుమానం పుడుతుంది.

తప్పు ఒకవైపే లేదు

జనం రావడం లేదని అధికారులు అంటారు. చెరకు నరుకుళ్ల రోజుల్లో, ఉదయం పది గంటలకు సభ పెడితే రైతు ఎలా వస్తాడు? కూలి మానుకుని కూలీ ఎలా వస్తాడు? నోటీసు ఆఫీసు గోడకు అంటించి ఊరుకుంటే ఎవరికి తెలుస్తుంది? సినిమా ఆటకు ఆటోలో మైకు పెట్టి ఊరంతా తిప్పుతారు. ఏడాది లెక్కకు ఆ మైకు ఎందుకు తిప్పరు?

2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లోనూ ఒకే రోజు గ్రామసభలు జరిపించారు. మంచి పని. తలచుకుంటే చేయగలరని రుజువైంది. అయితే పండుగలా ఒకనాడు జరిపితే చాలదు. ఆనాడు రాసుకున్న పనుల్లో ఎన్ని పూర్తయ్యాయో తరువాతి సభలో చదవాలి. పాత తీర్మానం చదవకుండా కొత్త తీర్మానం రాయడమంటే పాత బాకీ చెప్పకుండా కొత్త అప్పు అడగడమే.

వరంగల్లు ప్రాంతంలోని గంగదేవిపల్లి పేరు చాలామంది వినే ఉంటారు. అది పెద్ద సంపన్న గ్రామమేమీ కాదు. ఊరివారే మంచినీటికి, పారిశుధ్యానికి ఇలా ఒక్కొక్క పనికి ఒక్కొక్క కమిటీ వేసుకున్నారు, కలిసి కూర్చుని నిర్ణయాలు చేసుకున్నారు. ఇంటిపన్ను నూటికి నూరు శాతం కట్టి ఆదర్శ గ్రామం అనిపించుకున్నారు. లెక్క కళ్లెదుట ఉంటే పన్ను కట్టడానికి చేయి వెనకాడదని ఆ ఊరు చూపించింది.

చేయవలసినవి

సభ తేదీని వారం ముందుగా మైకులో చాటించాలి. సాయంత్రం పూట, పనులు ముగిశాక జరపాలి. చోడవరం వంటి పెద్ద పంచాయతీలో ముందుగా వార్డు వారీగా సమావేశాలు పెట్టి, సమస్యలు రాసుకుని, ఆపైన గ్రామసభలో చర్చించాలి. జమాఖర్చులు అందరికీ అర్థమయ్యే తెలుగులో నిదానంగా చదవాలి. ఆడవారికి ముందు వరుసల్లో చోటివ్వాలి. నీళ్ల కష్టం వారికి తెలిసినంతగా మగవారికి తెలియదు.

ప్రజలు అడగవలసినవి అయిదు ప్రశ్నలు. ఇంటిపన్ను ఎంత రావాలి, ఎంత వచ్చింది? ఆర్థిక సంఘం నిధులు ఎంత జమయ్యాయి, దేనికి ఖర్చు పెట్టారు? కరెంటు బకాయి ఎంత? కార్మికులకు ఎన్ని నెలల జీతం ఇవ్వాలి? క్రితం సభలో చేసిన తీర్మానాలు ఏమయ్యాయి? నోటితో అడిగితే చెప్పకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. కాగితం మీద రాసిస్తే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. పిల్లల చేతిలో ఫోను ఉన్నవారు ఈ-గ్రామ్ స్వరాజ్ వెబ్‌సైటులో తమ పంచాయతీ ఖర్చులు చూపించమని వారినే అడగవచ్చు.

లెక్క అడగడమంటే తగవు పెట్టుకోవడం కాదు. పార్టీల గొడవను సభలోకి తెచ్చి అల్లరి చేస్తే మర్యాదస్థులు మరుసటిసారి రారు. ఆ అల్లరి లెక్క చెప్పడం ఇష్టం లేనివారికే కలిసివస్తుంది. నెమ్మదిగా అడగాలి, జవాబు వచ్చేదాకా అడగాలి, జవాబును తీర్మానాల పుస్తకంలో రాయించాలి.

రాబోయే గ్రామసభ ఏ తేదీనో పంచాయతీ కార్యదర్శిని అడిగి తెలుసుకోండి. ఇంటికొకరు చొప్పున రండి. వచ్చేటప్పుడు ఇంటిపన్ను రశీదు వెంట తెచ్చుకోండి.