వేగమా? విశదమా?

సొంత అవసరమునకై కంప్యూటరులో చిన్న ప్రోగ్రాము వ్రాసికొనువారి చూపు ముందుగా గడియారముపై పడుచున్నది. ఇది తగునా?

అమలాపురములో ఒక ఉపాధ్యాయుడు 60 మంది పిల్లల మార్కులు కూడుటకు పైథాన్ భాషలో 20 పంక్తులు వ్రాసెననుకొందము. అది అరసెకనులో ముగియును. అందు పదవవంతులోనే ముగియించుటకు అతడొక సాయంకాలము వెచ్చించెను. ఏటి మూడు పరీక్షలకును కలిపి మిగిలినది రెండు సెకనులైనను లేదు! దమ్మిడీ ఆదాయము లేదు, క్షణము తీరిక లేదన్న సామెత యిచట చక్కగా అమరును.

నష్టము అంతటితో పోదు. కుదింపుకై పేర్లన్నియు ఒంటి అక్షరములైనవి. మరుసటియేడు అతడు రాజోలునకు బదిలీయయ్యెను. తన మొత్తము తప్పినదని ఒక బాలిక వచ్చినది. క్రొత్తగా వచ్చిన ఉపాధ్యాయునకు ఆ పంక్తులు బోధపడనిచో ఆమెకు సమాధానమెవరు చెప్పవలెను?

వేగము వలదని కాదు. అకాలపు మెరుగులు అనర్థమూలములని 1974లో హెచ్చరించిన డొనాల్డ్ నూత్, నూటికి 3 పాళ్లుండు కీలకభాగమున వేగమును విడువరాదనియు చెప్పెను. ఆ భాగమేదో ఊహించుట గాదు, కొలిచి తెలిసికొనవలెను. పైథాన్‌లో అందులకు టైమిట్ కలదు. వేరు సంఖ్య చెప్పనిచో ఆ ఫంక్షను ఇచ్చిన పంక్తిని 10 లక్షల మారులు నడిపి కాలము చెప్పును. ఒక్కమారునకు పట్టు కాలమంత స్వల్పము!

కావున మొదట తెలియునట్లు వ్రాయవలెను. ఆలస్యము నిజముగా బాధించిననే కొలిచి సవరింపవలెను. దస్తూరి చదువువారికొరకని పిల్లలకు బోధించు గురువునకు ఈ మాట వేరుగా చెప్పవలెనా?