పాత కంప్యూటర్‌ని తూకానికి వేసే ముందు ఒక్క మాట

ఈ పోస్టు కాస్త పొడుగే, ఓపిక చేసుకుని చదవండి. వచ్చే ఆదివారం కమిటీ మీటింగులో మన ఆఫీసు గదిలోని పాత కంప్యూటర్‌ని తీసేసి కొత్త ల్యాప్‌టాప్ కొనాలన్న ప్రతిపాదన వస్తోంది. కొత్తది కొనొద్దని నేను అనను. పాతది ఎప్పుడు తీసేయాలన్న దగ్గరే నా పేచీ అంతా.

జరిగింది చెబుతాను. పోయిన నెల చందా రశీదుల కోసం ఆ కంప్యూటర్ స్విచ్ వేశాం. లోపల ఫ్యాను తిరుగుతోంది, తెర మాత్రం నల్లగానే ఉంది. అందరికీ తెలిసిన వైద్యమే మొదలుపెట్టాం. వైరు పీకి, పవర్ బటన్ అరనిమిషం నొక్కి పట్టుకుని, మళ్లీ వేశాం. ఫలితం లేదు. రిపేరు షాపు కుర్రాడిని పిలిస్తే బోర్డు మీది గుండ్రటి సెల్లు తీసి, కాసేపాగి మళ్లీ పెట్టాడు. అయినా తెర రాలేదు. "బోర్డు పోయింది, ఇంక లాభం లేదు. బాగైనా ఫార్మేట్ కొట్టాల్సిందే" అని ఒడియాలో తేల్చేసి వెళ్లిపోయాడు. మనవాళ్లు సరే అనేశారు.

ఆ మాటకి నా గుండె గుభేల్‌మంది. ఆ డబ్బాలో ఏముందో గుర్తు చేసుకోండి. పాత సభ్యుల జాబితాలు, మరణ సహాయ నిధి లెక్కలు, ఉగాది సంచికలు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇటు వచ్చిన రోజుల గురించి మన పెద్దలు చెబుతుంటే రాసుకున్న వ్యాసాలు. వాటన్నిటినీ టైపు చేసిన మాస్టారు ఇప్పుడు లేరు. చెప్పిన పెద్దల్లోనూ ఒక్కరు మిగల్లేదు. అచ్చు ప్రతులు చాలామటుకు 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను నాడు తడిసి పాడయ్యాయి. కంప్యూటర్ బల్ల మీద ఉండబట్టి బతికింది.

కాలేజీ ల్యాబులో పనిచేసే మా మేనల్లుడు ఆదివారం వచ్చాడు. వస్తూనే వాడు స్విచ్ జోలికి పోలేదు. "మావయ్యా, ముందు డిస్కు బయటికి తీద్దాం" అన్నాడు. బోర్డు పోయినా, పవర్ సప్లై పోయినా మన రాతలు ఉండేది హార్డ్ డిస్కులోనే. దాన్ని విప్పి, యూఎస్‌బీ అడాప్టరుతో తన ల్యాప్‌టాప్‌కి తగిలించి మొత్తం కాపీ చేశాడు. డిస్కు టకటకమని చప్పుడు చేస్తుంటే మాత్రం పదేపదే ఆన్ చేయకూడదట, అది నిపుణుల పని అన్నాడు.

తర్వాత ర్యామ్ కార్డు తీశాడు. దాని బంగారు రంగు అంచులు మసకబారి ఉన్నాయి. సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలికి, తేమకి ఇది మామూలేనట. పిల్లల పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, గట్టిగా బిగించాడు. తెర వెలిగింది! వారం రోజుల రీసెట్లతో కానిది రబ్బరు ముక్కతో అయింది.

సంబరం రెండు నిమిషాలే. విండోస్ గుర్తు వచ్చి, నీలి తెర మెరిసి, మళ్లీ మొదటికి పోతోంది. ఎఫ్8 నొక్కి, ఆటోమేటిక్ రీస్టార్ట్ ఆపితే ఆ నీలి తెర నిలబడింది. అందులో కోడ్ చివర 7బి అని ఉంది. ఈ జబ్బు మనం తెచ్చిపెట్టిందే. సెల్లు తీసినప్పుడు బోర్డు సెట్టింగులన్నీ ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటిలా మారిపోయాయి. మన విండోస్ ఎక్స్‌పీ ఎక్కించినప్పుడు డిస్కు ఐడీఈ పద్ధతిలో ఉండేది, ఇప్పుడది ఏహెచ్‌సీఐకి మారింది. ఎక్స్‌పీ దగ్గర దానికి తగిన డ్రైవరు లేదు, అందుకని తన డిస్కునే తాను గుర్తుపట్టలేకపోయింది. డిలీట్ కీ నొక్కి సెటప్‌లోకి వెళ్లి మళ్లీ ఐడీఈ అని పెట్టాడు, తారీఖు సరిచేశాడు. కంప్యూటర్ లేచి కూర్చుంది. పాత సెల్లు బలహీనపడింది గనక అలాంటిదే కొత్తది, 3 వోల్టుల సీఆర్2032, వేశాడు. లేకపోతే కరెంటు పోయినప్పుడల్లా ఇదే కథ.

ఆ రోజు ఫార్మేట్ కొట్టి ఉంటే? రోగం ఒకటైతే మందు ఇంకొకటి వేసి, ఇంట్లో మనిషినే పోగొట్టుకున్నట్టయ్యేది.

"డిస్కు కాపీ అయింది కదా, ఇంక డబ్బా ఎందుకు?" అని మన కుర్రాళ్లు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. కాపీ చేసిన ఉగాది సంచికని వాళ్ల ల్యాప్‌టాప్‌లో తెరిచి చూపించాను. ఒక్క తెలుగు అక్షరం కనబడలేదు, అన్నీ పిచ్చి గుర్తులే. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికినా, మన మాస్టారు అందరు డీటీపీ వాళ్లలాగే పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో టైపు చేశారు. ఆ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు రూపాలు కూర్చోబెట్టి ఉంటాయి. ఫాంటు లేకపోతే ఆ ఫైలు చదివే దిక్కు ఉండదు. ఆ ఫాంటు, ఆ పేజ్‌మేకర్ రెండూ సరిగ్గా పనిచేస్తున్నది మన పాత డబ్బాలోనే.

అందుకే నా ప్రతిపాదన ఇది. కొత్త ల్యాప్‌టాప్ కొనండి. పాతదాన్ని ఇంకొక్క ఆర్నెల్లు ఉంచండి. దాన్ని ఇంటర్నెట్‌కి మాత్రం తగిలించకండి, ఎక్స్‌పీకి భద్రతా మరమ్మతులు 2014 ఏప్రిల్ 8తోనే ఆగిపోయాయి. ఈ ఆర్నెల్లలో ప్రతి సంచికనీ అందులోనే తెరిచి పీడీఎఫ్ చేద్దాం. ఫాంటు ఫైళ్లు కూడా దాచుకుందాం. తర్వాత వ్యాసాలన్నీ యూనికోడ్‌లోకి మార్చుకుందాం. మార్చే సాఫ్ట్‌వేరు ఒత్తుల దగ్గర తప్పులు చేస్తుంది గనక, తెలుగు చదవడం వచ్చిన పదిమంది కూర్చుని దిద్దాలి. అలా కూర్చోగలిగినవాళ్లు మన ఊళ్లో ఇంకా ఉన్నారు. మన పిల్లలు బళ్లో ఒడియా, ఇంగ్లీషు చదువుతున్నారు. ఇంకో పదేళ్లు ఆగితే ఆ పదిమంది దొరుకుతారా?

ఇళ్లలో పాత కంప్యూటర్లు ఉన్నవాళ్లకీ ఇదే చెబుతాను. రీసెట్ పనిచేయలేదంటే కంప్యూటర్ చచ్చిపోయిందని కాదు. ముందు డిస్కు తీయించి కాపీ చేయించండి. ఆ తర్వాత ర్యామ్, సెల్లు, సెట్టింగులు ఒక్కొక్కటిగా చూడండి, రెండు మార్పులు ఒకేసారి చేయకండి. సెల్లు తీసేముందు సెటప్ తెర కనబడుతుంటే దాన్ని ఫోనులో ఫొటో తీసుకోండి. బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బి కనబడితే తెలిసినవాళ్లకి ఇవ్వండి. పవర్ సప్లై డబ్బాని మాత్రం సొంతంగా విప్పకండి, వైరు పీకినా లోపల కరెంటు నిలవుంటుంది.

ఆదివారం మీటింగుకి నేను పెన్‌డ్రైవు తీసుకుని వస్తాను. దిద్దే పనికి వచ్చేవాళ్లు పేర్లివ్వండి. మొదటి పేరు నాదే రాసుకోండి.