గంట మోగని ఉదయం

మా ఇంట్లో టెలిఫోను ఎక్స్ఛేంజి ఉందంటే చాలామంది నమ్మరు. నమ్మకపోతే వచ్చి చూడండి. హాల్లో గోడబీరువా మీద, పంచాంగం పక్కన, నాలుగు అగ్గిపెట్టెలు పేర్చినంత డబ్బా ఒకటి ఉంటుంది. అదే ఎక్స్ఛేంజి. మేడమీద మా ఫోనునీ, కింద వెనక వాటాలో ఉంటున్న మా పిన్ని ఫోనునీ కలిపేది అదే.

డబ్బాలో ఉన్నది చిన్న కంప్యూటరు. అందులో నడిచేది లినక్స్. దానిమీద ఆస్టరిస్క్ అనే ప్రోగ్రాము. 1999లో అమెరికాలో మార్క్ స్పెన్సర్ అనే కుర్రవాడు చిన్న కంపెనీ పెట్టుకున్నాడు. ఆఫీసుకి ఎక్స్ఛేంజి కొందామంటే ధర అందుబాటులో లేదు. కొనలేకపోతే తయారుచేసుకుంటే సరి అని తనే ప్రోగ్రాము రాసేశాడు. రాసినదాన్ని దాచుకోక అందరికీ ఉచితంగా పంచిపెట్టాడు. ఫోను మీటల్లో సున్నా పక్కన ఉంటుందే నక్షత్రం గుర్తు, దాని పేరే ప్రోగ్రాముకి పెట్టాడు.

కొనుక్కున్న ఎక్స్ఛేంజి కంపెనీవాడు నేర్పిన పనులే చేస్తుంది. ఈ డబ్బాకి మనమే కొత్త పనులు నేర్పుకోవచ్చు. ఆ నేర్పే రాతనే స్క్రిప్టు అంటారు. నాటకాల వాళ్ళ స్క్రిప్టు లాంటిదే. ఎవరు ఎప్పుడు రావాలో, ఏం పలకాలో రాసి ఇవ్వడం.

నాకు ఈ పిచ్చి పట్టడానికి కారణం మా పిన్ని. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. మేడమీద మాతో ఉండమంటే ససేమిరా అంటుంది. "నా వంట నాది, నా మడి నాది. మీ పొద్దులు వేరు, నా పొద్దులు వేరురా" అంటుంది. రాత్రివేళ ఏమైనా అయితే మాకు తెలిసేదెలా అన్నది మా ఆవిడ బెంగ. దానికి నేను కనిపెట్టిన మందు స్క్రిప్టు.

రోజూ పొద్దున్న ఆరింటికి పిన్ని ఫోను మోగాలి. ఆవిడ ఎత్తగానే, "పిన్నీ, కులాసాగా ఉన్నావా? ఉంటే ఒకటి నొక్కు" అని నా గొంతు వినిపించాలి. ఆవిడ నొక్కితే సరే. మూడుసార్లు మోగినా ఎత్తకపోయినా, ఎత్తి నొక్కకపోయినా, అప్పుడు మేడమీద మా ఫోను మోగాలి.

లినక్స్‌లో క్రాన్ అని ఒక కాపలాదారు ఉన్నాడు. చెప్పిన వేళకి స్క్రిప్టును నిద్రలేపడం వాడి పని. లేచిన స్క్రిప్టు ఒక చీటీ రాస్తుంది. ఏ ఫోను మోగించాలి, ఎంతసేపు, ఎత్తకపోతే మళ్ళీ ఎన్నిసార్లు, అంతే. ఆ చీటీని ఆస్టరిస్క్ కనిపెట్టుకుని ఉండే చోట పడేస్తే వెంటనే ఫోను చేస్తుంది. ఇందులో ఒక మెళకువ ఉంది. చీటీని వేరేచోట పూర్తిగా రాసి, ఆ తరువాతే అక్కడికి జరపాలి. అక్కడే కూర్చుని రాస్తే సగం చీటీనే పట్టుకుపోతుంది. ఉడకని అన్నం విస్తట్లో పడ్డట్టే.

పిన్ని నొక్కిన అంకె చూడడానికి ఇంకో స్క్రిప్టు. ఇక్కడ నా పరువు పోయింది. పిన్ని ఒకటి నొక్కితే డబ్బా నాకు 49 అని చెప్పేది. "పిన్నీ, సరిగ్గా నొక్కు" అని రెండు రోజులు ఆవిణ్ణి సతాయించాను. తీరా చూస్తే కంప్యూటరు లెక్కలో 'ఒకటి' అనే గుర్తుకి వరుస సంఖ్య 49. పిన్ని తప్పేమీ లేదు.

పిన్ని మటుకు డబ్బాని మనిషిగానే చూసింది. నా గొంతు వినగానే, "ఏం కులాసారా, మోకాళ్ళు రాత్రంతా ఒకటే సలుపు" అని మొదలుపెట్టేది. అది అంకె కోసం కాసేపు ఆగి, ఫోను పెట్టేసి, మాకు గంట కొట్టేది. మేము పరుగెత్తుకుంటూ దిగేవాళ్ళం. "నీ డబ్బాకి మర్యాద తెలీదురా. పెద్దదాన్ని మాట్లాడుతుంటే మధ్యలో పెట్టేస్తుందేమిటి?" అనేది. చివరికి ముందు నొక్కి, తరువాత మాట్లాడుకోవడం అలవాటు చేసుకుంది.

అలా నాలుగు నెలలు నడిచింది. పొద్దున్న మా ఫోను మోగలేదంటే పిన్ని కులాసా అన్నమాట. మేము నిశ్చింతగా పడుకునేవాళ్ళం.

ఒకరోజు రాత్రి రెండున్నరకి కరెంటు పోయింది. ఐదున్నరకి వచ్చింది. ఆరయింది, ఆరున్నర అయింది, మా ఫోను మోగలేదు. ఏడున్నరకి మా ఆవిడ కాఫీ పట్టుకుని కిందికి వెళ్ళి, "ఏమండీ!" అని కేక పెట్టింది.

పిన్ని స్నానాలగది గుమ్మంలో పడి ఉంది. చీకట్లో లేచి కాలు జారిందట. మణికట్టు ఎముక విరిగింది. లేవలేక రెండు గంటలకు పైగా చల్లటి గచ్చుమీద అలాగే ఉండిపోయింది. ఆస్పత్రికి తీసుకువెళుతుంటే ఆవిడ అన్నమాట ఒక్కటే: "ఆరింటికి గంట మోగుతుంది, నేను ఎత్తను, మీరే పరుగెత్తుకొస్తారని చూస్తూ పడుకున్నానురా. గంటే మోగలేదు."

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి డబ్బా ముందు కూర్చుని చూశాను. ఏదీ చెడిపోలేదు. స్క్రిప్టు ఉంది, క్రాన్ ఉన్నాడు. లేనిది గడియారం. పెద్ద కంప్యూటర్లలో కరెంటు పోయినా టైము నడిపే బిళ్ళ బ్యాటరీ ఒకటి ఉంటుంది. నా డబ్బాలో అది లేదు. గంటకొకసారి టైము రాసిపెట్టుకుంటుంది. మళ్ళీ లేచినప్పుడు ఆ రాసుకున్న టైముతోనే మొదలుపెట్టి, ఇంటర్నెట్టును అడిగి సరిచేసుకుంటుంది. ఆవేళ కరెంటు వచ్చినా ఇంటర్నెట్టు రాలేదు. చివరిసారి రాసుకున్నది రెండుంబావు. అంచేత ఐదున్నరకి లేచి రెండుంబావు అనుకుంది. లోకానికి ఆరయ్యేసరికి దానికి ఇంకా మూడు కాలేదు.

బ్యాటరీ ఉన్న చిన్న గడియారం కొని తగిలించాను. కొద్ది ఖర్చే. కాని తప్పు గడియారానిది కాదు, నాది. మా ఫోను మోగకపోతే క్షేమం అని నేను రాశాను. డబ్బా చచ్చిపోయినా మా ఫోను మోగదు. క్షేమానికీ చావుకీ ఒకటే గుర్తు పెట్టాను. నాలుగు నెలలు నేను క్షేమ సమాచారం అనుకున్నది వట్టి నిశ్శబ్దం.

ఇప్పుడు స్క్రిప్టు తిరగరాశాను. పిన్ని నొక్కితే, ఆరుంబావుకి మా ఫోను మోగి "పిన్ని కులాసా" అంటుంది. నొక్కకపోతే "కిందికి వెళ్ళు" అంటుంది. అసలు మోగకపోతే, ఎందుకని ఆలోచించకుండా నేనే దిగిపోతాను.

"కరెంటు పోయిన ప్రతిరోజూ ఉత్తపుణ్యానికి దిగాల్సి వస్తుందేమో" అన్నాను మా ఆవిడతో.

"దిగితే ఏం పోయింది? కాఫీ పట్టుకెళ్ళండి" అంది.

పిన్ని చేతికి కట్టు విప్పారు. నొక్కడం మళ్ళీ మొదలుపెట్టింది. నొక్కిన తరువాత మోకాళ్ళ సంగతి ఇప్పటికీ డబ్బాకే చెబుతోంది. ఈమధ్య వారానికి రెండుమూడుసార్లు కరెంటు ఉన్నా కాఫీ పట్టుకుని నేనే దిగుతున్నాను. ఆ సంగతి వినడానికి.