వారానికి ఒక్కసారే: మెథోట్రెక్సేట్ వాడకంలో మెలకువ అవసరం

కీళ్లవాతం, సోరియాసిస్ చికిత్సలో మెథోట్రెక్సేట్ చవకైన, ఏళ్లుగా నిరూపితమైన ఔషధం. రోగనిరోధక వ్యవస్థను అదుపు చేసే ఈ మాత్రను ఆ వ్యాధులకు వారానికి ఒక్కసారే వాడాలి. పొరపాటున రోజూ మింగితే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణాపాయం ఏర్పడుతుంది. నోటిపూత, జ్వరం కనిపిస్తే వెంటనే వైద్యుణ్ణి సంప్రదించాలి.

ఇటువంటి పొరపాట్ల నివారణకు ఐరోపా ఔషధ నియంత్రణ సంస్థ 2019లో కొత్త చర్యలు సూచించింది. రక్తకణాలు, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు క్రమం తప్పకుండా జరగాలి. గర్భిణులు ఈ మందు వాడరాదు. కోట్రైమోక్సజోల్ తోడైతే ముప్పు పెరుగుతుంది.

భారతదేశంలో పాత చీటీతోనే నెలల తరబడి మందులు కొనే అలవాటు ఉంది. అందువల్ల పరీక్షలు వెనుకబడతాయి. మోతాదు సూచన మరుగున పడుతుంది. మాత్ర వేసుకోవలసిన వారం పేరును రోగి చదవగలిగే భాషలో చీటీపై పూర్తిగా రాయడం ఖర్చులేని రక్షణ. దుకాణదారుడు దాన్ని మరోసారి చదివి వినిపిస్తే ఆ రక్షణ రెట్టింపవుతుంది.