రాసింది మనం, హక్కు ఎవరిది?

బీడీ కార్మిక స్త్రీల మీద నేను రాసిన వ్యాసం ఒకటి పదిహేనేళ్ల కిందట ఒక ఇంగ్లీషు సంకలనంలో వచ్చింది. దాన్ని తెలుగు చేసి, ఏ నిజామాబాద్ పల్లెల్లో కూచుని నేను ఆ మాటలు విన్నానో అక్కడి సంఘాల కోసం చిన్న పుస్తకంగా వేద్దామనుకున్నాను. మర్యాద కోసం ఆ ప్రచురణ సంస్థకి ఉత్తరం రాశాను. కాపీరైట్ తమదేననీ, అనుమతికి రుసుము కట్టాలనీ జవాబొచ్చింది. తెలుగులో విని ఇంగ్లీషులో రాసిన మాటల్ని మళ్లీ తెలుగులోకి తెచ్చుకోవడానికి నేనే డబ్బు కట్టాలి! కోపం చల్లారాక ఒకటే అడిగాను: నేను హక్కు రాసిచ్చిన కాగితం నకలు పంపగలరా అని. నాలుగు నెలలు ఉలుకూ పలుకూ లేదు. ఆ తర్వాత వచ్చిన ఉత్తరంలో కాగితం లేదు. మీకై మీరు వేసుకుంటే మాకు అభ్యంతరం లేదు అని మాత్రం ఉంది.

ఈ అనుభవం నా ఒక్కదానిదే అనుకోను. సదస్సులో చదివిన పత్రం, స్వచ్ఛంద సంస్థకి రాసిచ్చిన నివేదిక, ఎవరో సంపాదకత్వం వహించిన పుస్తకంలో ఒక అధ్యాయం - మన రాతలన్నీ ఇలాగే పోతుంటాయి. అచ్చులో పేరు చూసుకున్న సంతోషంలో సంతకం ఎక్కడ పెట్టామో, అసలు పెట్టామో లేదో గుర్తుండదు.

1957 నాటి మన కాపీరైట్ చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. సెక్షన్ 17 ప్రకారం రచనకి మొదటి హక్కుదారు రాసిన మనిషే. ఆ హక్కు ఇంకొకరికి పోవాలంటే, సెక్షన్ 19 ప్రకారం, రాతపూర్వకమైన బదిలీ పత్రం ఉండాలి, దాని మీద సంతకం ఉండాలి. నోటిమాట చాలదు. బదిలీ ఎంత కాలానికో రాయకపోతే అది ఐదేళ్లకే చెల్లుతుంది. ఏ దేశానికో రాయకపోతే భారతదేశానికే పరిమితం. తీసుకున్న హక్కుని ఏడాదిలోగా వాడుకోకపోతే, పత్రంలో వేరే విధంగా లేనప్పుడు, ఆ హక్కుకి సంబంధించి బదిలీ రద్దయినట్టే. అనువాద హక్కు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసిన ప్రచురణకర్తలందరూ ఈ వాక్యం చదువుకోవాలి. పుస్తకం లోపలి పేజీలో సున్నా చుట్టిన సి అక్షరం పక్కన కంపెనీ పేరు ఉండటం ఒక ప్రకటన మాత్రమే. ప్రచురణకర్తగా పేరు అచ్చయితే ప్రచురణకర్త అతనేనని కోర్టు అనుకుంటుంది. అంతమాత్రాన రచయిత హక్కు అతనికి బదిలీ అయిపోయినట్టు కాదు.

పెద్ద పెద్ద సంస్థలు కూడా ఇక్కడే బోర్లాపడ్డాయి. అమెరికాలో జార్జియా స్టేట్ యూనివర్సిటీ విద్యార్థులకి పుస్తకాల భాగాల్ని కంప్యూటర్లో అందుబాటులో పెట్టిందని కేంబ్రిడ్జి, ఆక్స్‌ఫర్డ్, సేజ్ సంస్థలు 2008లో దావా వేశాయి. 2012లో కింది కోర్టు 74 సందర్భాల్ని ఒక్కొక్కటిగా పరిశీలించింది. 26 మొదటి మెట్టు మీదే ఆగిపోయాయి. కొన్నింటిని ఏ విద్యార్థీ పెద్దగా చదవనేలేదు. మిగిలిన వాటిలో హక్కు తమదేనని ప్రచురణకర్తలు చూపలేకపోయారు. సంకలనాల్లో అధ్యాయాలు రాసిన వారి నుంచి తెచ్చుకోవలసిన ఒప్పందాలు వాళ్ల దగ్గర లేవు! పై కోర్టు తర్వాత మిగతా తీర్పుని తిరగతోడింది గానీ, ఆ వివరం మాత్రం నాకు మరుపు రాదు. ఇక్కడ ఢిల్లీ యూనివర్సిటీలోని రామేశ్వరి ఫొటోకాపీ దుకాణం మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ 2012లో వేసిన దావా 2017లో ఉపసంహరణతో ముగిసింది. ఆ కేసులో రచయితలు, అధ్యాపకులు చాలామంది దావాకి వ్యతిరేకంగానే నిలబడ్డారు. రచయితల పేరు చెప్పి వేసే దావాల్లో రచయితల్ని అడిగేవాళ్లే ఉండరు.

మరి రిజిస్ట్రేషన్ మాటేమిటి? అమెరికాలో అచ్చయిన అక్కడి రచన మీద దావా వేయాలంటే ముందు రిజిస్టరయి ఉండాలి. దరఖాస్తు పెడితే చాలదని 2019లో వాళ్ల సుప్రీం కోర్టు తేల్చింది. మన దగ్గర ఆ షరతు లేదు. 2021లో బొంబాయి హైకోర్టు ఈ మాటే మళ్లీ గట్టిగా చెప్పింది. రాసిన క్షణం నుంచే హక్కు ఉంటుంది. రిజిస్టరులో నమోదైన వివరం, వేరే రుజువు వచ్చేదాకా, సాక్ష్యంగా నిలుస్తుంది. అంతకు మించి దానికి మహిమ లేదు. సాహిత్య రచనకి 500 రూపాయల రుసుము. కట్టగలిగిన వాళ్లు కట్టండి. కట్టలేకపోయినా తేదీలున్న చిత్తుప్రతులు, ఉత్తరాలు, ఫీల్డు పుస్తకాలు పారేయకండి. మన ఇళ్లలో మొదట పాత కాగితాల వాడికి వెళ్లేవి ఆడవాళ్ల రాతలే కదా.

స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే వాళ్లకి ఒక సంగతి. నెల జీతం మీద ఉద్యోగిగా రాసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, యజమాని సంస్థే హక్కుదారు. కానీ గౌరవ వేతనం మీద, పని వరకే ఒప్పుకుని రాసిన సలహాదారు ఉద్యోగి కాదు. ఆమె రాతపూర్వకంగా వదులుకోనంత వరకూ హక్కు ఆమెదే. ఒప్పందంలో ఆ వాక్యం ఉందో లేదో చూడకుండా సంతకం చేయొద్దు. ఒకవేళ వదులుకున్నా, సెక్షన్ 57 కింద పేరు మీదా, రచనని వక్రీకరించకుండా ఆపడం మీదా హక్కు మిగిలే ఉంటుంది. తన నవల 'ఆప్ కా బంటీ'ని సినిమాగా మార్చిన తీరు మీద మన్నూ భండారీ కోర్టుకి వెళ్తే, ఆ హక్కు ఎంత విశాలమైనదో 1986లో ఢిల్లీ హైకోర్టు వివరించింది.

ఇంతా చెప్పి నన్ను నేను అడగకుండా ఉండలేను. సరిగ్గా అదే 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' వేసింది. తెలంగాణ పోరాటంలోని స్త్రీలు తమ కథలు తామే చెప్పిన పుస్తకం అది. జరిగిన సంగతుల మీద కాపీరైట్ ఉండదు, వాటికిచ్చిన రూపం మీదే ఉంటుంది. ఆ లెక్కన నా వ్యాసానికి హక్కుదారుని నేను. ఆకు కత్తిరిస్తూ రెండు గంటలు తన జీవితం చెప్పినామె ఎవరు? నేను ప్రచురణకర్తని కాగితం చూపించమన్నాను. ఆమె నన్ను అడిగితే చూపించడానికి నా దగ్గర టేపు ఉంది గానీ, ఆమె ఒప్పుకున్నట్టు ఒక్క వాక్యం లేదు.

పోయిన నెల ఆ ఊరు వెళ్లాను. టేపుల్లో ఉన్న తొమ్మిది మందిలో ఆరుగురు దొరికారు. ప్రూఫులు చదివి వినిపిస్తే ఒకామె రెండు చోట్ల నన్ను దిద్దింది, ఇంకొకామె తన పేరు మార్చొద్దంది. లోపలి పేజీలో హక్కులు ఎవరివని వేయాలో ఇంకా తేలలేదు. ప్రెస్సాయన ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు.