చేతిసంచిలో తుపాకి

మామిడితోటకు ఒంటరిగా బోవుచుందుననియు, రక్షణకై చిన్న రివాల్వరు కొనవచ్చునా యనియు తిరువూరు సోదరి యొకతె మమ్మడిగినది.

2012 డిసెంబరునాటి ఢిల్లీ ఘోరము పిమ్మట, 2014లో కాన్పూరు ప్రభుత్వ ఆయుధకర్మాగారమువారు స్త్రీలకై ‘నిర్భీక్’ అను రివాల్వరును వెలువరించిరి. తూకము 500 గ్రాములు; ఆఱు తూటాలు పట్టును; ఆనాటి వెల 1,22,360 రూపాయలు. నగలపెట్టెవంటి పెట్టెలో నుంచి యమ్మిరి. ఆ ముచ్చట మాకు రుచింపలేదు. అది నగ కాదు గదా!

1959 నాటి ఆయుధచట్టము ప్రకారము లైసెన్సు లేనిదే తుపాకి యుంచుకొనరాదు. 21 యేండ్లు నిండవలయును; 2016 నాటి నిబంధనలచే శిక్షణయు పొందవలయును. కొన్న నాడే సంచిలో వేసికొనుట తగదు. గుఱిశాలలో, తెలిసినవారి యెదుట పలుమాఱులు కాల్చి, మీట బిగువును వెనుకదన్నును చేతికి అలవడనీయవలయును. గుఱి కుదురువఱకు మీటపై వ్రేలు పోరాదు. కాల్చిన పిదప గొట్టమును తుడిచి నూనె రాయవలయును.

బియ్యపుడబ్బాలోను దిండు క్రిందను విలువగల వస్తువులు దాచుట మనలో ననేకులకు అలవాటు. బిడ్డలున్న యింట తుపాకి కది కూడదు. తుపాకి యొకచోట, తూటాలు వేఱొకచోట, రెంటికిని తాళములు.

లైసెన్సు చేతికందునంతవఱకు తిరువూరు సోదరి తోడు లేక తోటకు బోవలదని మా మనవి.